మెట్టు దాటవన్న నీళ్ళు

ఎగువ మిషిగన్‌లో, ఆల్డర్ ఏటి ఒడ్డున, పాత రేవు దారి చివరి ఇంట్లో కాపురముంటున్న సైమా రౌతియో అను నేను, కీర్తిశేషులు ఉర్హో రౌతియో భార్యను, వయస్సు ఎనభై నాలుగేళ్ళు, పూర్తి తెలివితో, ఒకరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా, నా చేత్తో నేను రాసుకున్న కడపటి వీలునామా ఇది.

నా తెలివి విషయంలో ఎవరూ వంకలు వెతకనక్కర్లేదు. ఈ నెల మొదట్లో పట్నం డాక్టరు నన్ను కూర్చోబెట్టి, ఇది ఏ సంవత్సరమని అడిగి, వందలోంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ రమ్మన్నాడు. ఆయన చాలమ్మా చాలంటున్నా ఆగకుండా రెండు దాకా వచ్చాను. మతి సరిగానే ఉందని కాగితం రాసిచ్చాడు, దాన్ని దీనికి జత చేశాను. మతి పోయి ఉంటే నాకీ వీలునామా రాసే అవసరమే ఉండేది కాదు. నా బాధంతా ఏదీ మర్చిపోలేకపోవడమే.

1. ఇంతకు ముందు 2009లో నేను రాసిన వీలునామాను పూర్తిగా రద్దు చేయడమైనది. అందులో ఈ ఇంటిని ఉర్హో అన్నగారి కొడుకు రూడీకి రాశాను. ఆ సంగతి తెలిసిన వారంలోనే వాడు వచ్చి, కాఫీ తాగుతూ తాగుతూ లేచి, గదులు అడుగులతో కొలుచుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు. వాడి మీద కోపంతో మార్చడం లేదు. ఎందుకు మారుస్తున్నానో కింద రాశాను.

2. దీన్ని అమలు జరిపే బాధ్యత ఆర్డిస్ మాకికి అప్పగిస్తున్నాను. ఆవిడ మా ఊరి పాలన చూసే టౌన్‌షిప్ ఆఫీసులో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసింది. అందరి గుట్టూ తెలిసి నోరు మెదపని మనిషి ఈ ఒడ్డున ఆవిడ ఒక్కతే. ఆవిడ సాక్షి సంతకం కూడా పెట్టాలి కాబట్టి, వీలునామాలో ఆవిడకి ఏమీ రాయకూడదట. అందుకే నా నీలం కాఫీ గిన్నె మొన్ననే ఇచ్చేశాను. అది ఇందులో లేదు.

3. నన్ను ఉర్హో పక్కన పూడ్చాలి. చలికాలంలో పోతే నేల తవ్వడానికి రాదు కాబట్టి, అందరిలాగే నన్ను కూడా మే నెల దాకా శ్మశానం గదిలో ఉంచాలి. నాకేమీ తొందర లేదు. పాస్టరు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలని చూస్తాడు. ఆయన ముందుగా ఈ వీలునామాలోని ఏడు, ఎనిమిది అంశాలు చదివి, ఆ తర్వాత చెప్పాలనిపిస్తే చెప్పవచ్చు.

4. ఆస్తి వివరం. ఏటి ఒడ్డున రాతి మెట్ట మీద దుంగలతో కట్టిన రెండు గదుల ఇల్లు ఒకటి, కట్టెల కొట్టం ఒకటి, నీటి అంచున ఆవిరి స్నానానికి సౌనా గది ఒకటి. హద్దులు: ఉత్తరాన ఏరు, తూర్పున రేవు దారి, పడమట ఫారెస్టు వాళ్ళ భూమి, దక్షిణాన మెట్ట ఎక్కే బాట. ఈ ఇంటికి పునాది నేనూ ఉర్హో 1962లో మా చేతులతో వేశాం. ఈ ఇంట్లోకి ఏటి నీళ్ళు ఏనాడూ రాలేదు. ఈ మాట అబద్ధం కాదు.

5. ఇల్లు ఎవరి చేతికి పోయినా ఈ పనులు తప్పనిసరి.

ఏరు గడ్డకట్టే లోపు నీళ్ళ పంపు ఊడదీసి గొట్టాలు ఖాళీ చేయాలి. మా చిన్నప్పుడు నవంబరు నెలాఖరుకే ఐసు మీద నడిచి అవతలి ఒడ్డుకి పోయేవాళ్ళం. ఇప్పుడు కొత్త సంవత్సరం దాకా నమ్మడానికి లేదు, జనవరిలో వాన కూడా పడుతోంది. నల్లగా, కింద నీళ్ళు కనబడేలా ఉన్న ఐసు మనిషిని మోస్తుంది. పాలలాగా తెల్లగా ఉంటే నమ్మి కాలు పెట్టకూడదు.

ఫిబ్రవరిలో కప్పు మీద మంచు నడుం లోతు చేరుతుంది. ముందు ఉత్తరం వాలు దించాలి, తర్వాత దక్షిణం. ఉర్హో ఒకసారి ఎండగా ఉందని దక్షిణం వైపు మొదలెట్టి, కప్పు ఒక్కవైపే బరువై దూలం పగిలింది. ఆ పగులుకి వేసిన ఇనుప పట్టీ ఇప్పటికీ ఉంది. ఆ మాట ఎత్తితే, మంచు తప్పు అనేవాడు.

మార్చి నెలాఖరులో కాకులు తిరిగొస్తాయి. మాకు వసంతమంటే అదే. కాకులు వచ్చిన మూడు నాలుగు వారాలకి ఏరు మూలగడం మొదలెడుతుంది. అప్పట్నుంచి రోజుకి రెండుసార్లు కిందికి వెళ్ళి, ఏరు వంపు తిరిగే చోట ఐసు ఎలా ఉందో చూసి రావాలి. పలకలు అక్కడే ఒకదాని మీదికి ఒకటెక్కి అడ్డం పడతాయి. అడ్డం పడ్డాయంటే నీళ్ళు వెనక్కి తంతాయి. ఇది బద్ధకించే పని కాదు.

జూన్‌లో నల్ల ఈగలు. ఆ నెలలో బయటి గోడలకి రంగు వేయకూడదు, వేస్తే ఈగలతో కలిపి ఆరుతుంది. పడమటి గోడ దగ్గరికెళ్ళి చూస్తే 1974 నాటి ఈగలు ఇంకా ఉన్నాయి. జూలైలో నీళ్ళు తగ్గి రాళ్ళు బయటపడతాయి. చేపలన్నీ ఊట ఉన్న చల్లటి గుంటలో చేరతాయి. అక్కడ గాలం వేయకూడదు. చట్టం ఏమంటుందో నాకు తెలియదు కానీ మా దృష్టిలో అది దొంగతనమే.

సెప్టెంబరులో ఎలుకలు లోపలికి వస్తాయి, కంతల్లో ఇనుప పీచు కూరాలి. అక్టోబరుకి కట్టెలు కిటికీ ఎత్తు దాకా పేర్చి ఉండాలి. శనివారం మధ్యాహ్నం సౌనా పొయ్యి వెలిగించాలి. ఆ పొగ కనబడితే ఎవరైనా తువ్వాలు భుజాన వేసుకుని రావచ్చు, పిలవనక్కర్లేదు. ఇది ఈ ఒడ్డున మా తాతల నాటి నుంచీ ఉన్న మర్యాద.

6. రూడీకి పడవ మోటారు, ఉర్హో దుప్పితోలు చేతితొడుగులు దఖలు పరుస్తున్నాను. నా రంపం యంత్రం 2011 నుంచి వాడి దగ్గరే ఉంది, అది కూడా వాడే ఉంచుకోవచ్చు. "రేపు తెచ్చిస్తా పిన్నీ" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. అయితే ఉర్హో దగ్గుతో మంచం పట్టిన శీతాకాలం, రోజూ పొద్దున్నే వచ్చి, అడగకుండానే బాట మీద మంచు ఎత్తిపోసి, లోపలికైనా రాకుండా వెళ్ళిపోయేవాడు. ఆ పని వాడేనని నాకు చాలా రోజులు తెలియదు. చేతితొడుగులు అందుకే.

చర్చి వంటింటికి ఏలకుల రొట్టె కాల్చే మూడు పళ్ళాలు. ఏలకులు అప్పటికప్పుడు దంచి వేయాలి. డబ్బాలో పొడి కొనుక్కొచ్చి వేసేటట్టయితే పళ్ళాలు తిరిగి ఇచ్చేయండి.

7. ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పైవన్నీ ఒక్క పూటలో రాశాను.

నా ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో, ఏటి కిందివైపు పల్లంలో, ఉర్హో తండ్రి కట్టిన ఇల్లు ఒకటి ఉండేది. 1951 ఏప్రిల్లో ఐసు అడ్డం పడి ఆ ఇంట్లోకి ఛాతీ ఎత్తు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీసిన రోజు, నేల మీద బురద ఇంకా కడగక ముందే, ఉర్హో తండ్రి గుమ్మం పక్క చెక్క మీద నీటి మట్టం దగ్గర కత్తితో గాటు పెట్టాడు. నాకప్పుడు పదమూడేళ్ళు, మా నాన్నతో పాటు బురద ఎత్తడానికి వెళ్ళి కళ్ళారా చూశాను. ఇక్కడ అందరూ చేసే పని అది. నీళ్ళు ఎవరింట్లోకి వస్తే వాళ్ళు గాటు పెడతారు. ఆ చెక్కని ఎవరూ తీయరు, రంగు కూడా వేయరు. ఇల్లు పడగొట్టి కట్టుకున్నా, ఆ చెక్కని తెచ్చి కొత్త గుమ్మానికి అదే ఎత్తులో కొడతారు. తర్వాత వచ్చేవాడికి అదే హెచ్చరిక.

ఆ ఇల్లు నా చేతికి వచ్చింది. 1995లో ఉర్హో పోయాడు. ఆ తర్వాత మూడు చలికాలాలు ఈ రేవు దగ్గర నేనొక్కదాన్నే; ఏటి కిందివైపు దూరంగా ఉన్న ఆరిళ్ళు ఇక్కడికి కనబడవు. నా ఇంటి పొగ తప్ప మరో పొగ కనిపించేది కాదు. కింది ఇంట్లో ఎవరైనా ఉంటే చాలనుకుని దాన్ని అమ్మకానికి పెట్టాను. డబ్బు గురించి ఆలోచించలేదు, అలా ఆలోచించి ఉంటే ఈ తప్పు ఇంకొంచెం మామూలు తప్పయ్యేది. 1997 ఎండాకాలం ఒక పళ్ళ డాక్టరూ భార్యా చూడటానికి వచ్చారు. ఇల్లు నచ్చింది, ఏరు నచ్చింది. వెళ్ళేటప్పుడు ఆవిడ గాటు మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. చెప్పాను. చాలా మర్యాదగా మాట్లాడి, చాలా మర్యాదగా వెళ్ళిపోయారు.

మరుసటి వసంతంలో నేను ఉర్హో గునపం తీసుకెళ్ళి ఆ చెక్క పెరికేశాను. దాని చోట కొత్త పైన్ చెక్క కొట్టి, పాతదిలా కనబడాలని టీ డికాషనూ పొయ్యి మసీ కలిపి రుద్దాను. చాలా శ్రద్ధగా చేశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను.

ఆ మే నెలలో ప్రూయిట్ దంపతులు వచ్చారు, వెండెల్, లొరెట్టా. డెట్రాయిట్‌లో ఇద్దరూ కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. నీలం పికప్ దిగగానే లొరెట్టా అడిగిన మొదటి మాట, "ఏరు ఇంట్లోకొస్తుందా?" అని. నేను తడుముకోకుండా చెప్పాను, "మెట్టు దాకా వస్తుంది. మెట్టు దాటదు." వెండెల్ వెంటనే, "అయితే సైమమ్మ గారూ, మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కోవచ్చన్నమాట" అన్నాడు. లొరెట్టా, "ముందు కాళ్ళు కడుక్కోవడం అలవాటు చేసుకో" అంది. నవ్వాం. ఆ క్షణంలోనే వాళ్ళిద్దరూ నాకు నచ్చారు. వీళ్ళు వెళ్ళిపోకుండా ఉంటే బాగుండుననుకున్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

ఐదు చలికాలాలు కింది ఇంట్లోంచి పొగ వచ్చింది. శనివారం శనివారం ముగ్గురం సౌనాలో కూర్చునేవాళ్ళం. వెండెల్ మొదటిసారి ఆవిరికి తట్టుకోలేక, "నన్ను ఉడకబెట్టి తింటారా ఏంటి" అంటూ బయటికి పరిగెత్తి మంచులో పడ్డాడు. తర్వాత అందరికంటే పై బల్ల మీద వాడే కూర్చునేవాడు. ఒకసారి కింద ఎవరింట్లోనో గాటు చూసొచ్చి, "మా గుమ్మానికి లేదేం సైమమ్మ గారూ" అని అడిగాడు. మీది అదృష్టం ఉన్న ఇల్లు అని చెప్పాను. 1951 చూసినవాళ్ళు అప్పటికి ముగ్గురమే మిగిలాం. ఇద్దరు వృద్ధాశ్రమంలో ఉన్నారు. మూడోదాన్ని నేను.

పాత చెక్కని పొయ్యిలో పెట్టాలని రెండుసార్లు తీసుకెళ్ళాను. నావల్ల కాలేదు. సౌనాలో పై బల్లకి ఒక పలక పుచ్చిపోతే దాని చోట ఈ చెక్క వేసి మేకులు కొట్టాను, గాటు కిందివైపుకి వచ్చేలా. వెండెల్ కూర్చున్నది ఆ చెక్క మీదే. ఇరవై నాలుగేళ్ళుగా నేను శనివారం కూర్చుంటున్నదీ దాని మీదే. చెయ్యి కిందికి పోనిస్తే గాటు వేలికి తగులుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రాసుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

8. 2003 ఏప్రిల్ 15, మంగళవారం. రెండు రోజులు ఐసు మీద వాన పడింది. పొద్దున పదింటికి ఏరు లేవడం చూసి, వెండెల్ పైకి, మా ఇంటికి వచ్చేద్దామన్నాడట. లొరెట్టా వద్దంది. ఆమె ఏమందో నాకు అక్షరం అక్షరం తెలుసు, ఎందుకంటే పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఏప్రిల్లోనూ నాకు చెబుతూనే ఉంది. "సైమా చెప్పింది కదా, మెట్టు దాటదని. నువ్వుండి తివాచీలు బల్ల మీదికి ఎత్తు. నేను టౌన్‌షిప్ కొట్టానికెళ్ళి ఇసుక బస్తాలు తెస్తా." పికప్ తీసుకుని వెళ్ళింది.

పదిన్నరకి నేను సౌనా దాకా దిగాను. వంపు దగ్గర ఐసు అడ్డం పడి ఉంది. నాకు తెలిసిపోయింది. సౌనా దగ్గర్నుంచి కింది ఇల్లు కనిపించేది. రెండు వందల అడుగులు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి, బాట మీద మంచు కూడా కరిగిపోయింది. నేను వెళ్ళి పద అంటే చాలు, వెండెల్ వచ్చేసేవాడు. కానీ పద అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. ఈసారికి మెట్టు దగ్గరే ఆగుతుందేమో, చూద్దాం, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకుంటూ సౌనా గుమ్మంలో అరగంట నిలబడ్డాను. ఆ తర్వాత పరిగెత్తాను. నేను సగం దూరం పోయేసరికి ఐసు పలకలు కింది ఇంటి గోడని నెట్టేశాయి. లొరెట్టా బస్తాలతో తిరిగొచ్చేసరికి పునాది రాళ్ళే మిగిలాయి. వెండెల్ రెండు రోజుల తర్వాత కింది పొదల దగ్గర దొరికాడు.

లొరెట్టా వెళ్ళిపోలేదు. పైన మెట్ట మీద, రోడ్డు పక్కన చిన్న ఇల్లు వేసుకుంది. నాకు దేవుడు వేసిన శిక్షా దయా రెండూ అదే అనుకున్నాను. ప్రతి శనివారం బఠాణీ సూపు గిన్నె పట్టుకుని సౌనాకి వస్తుంది. నా మోకాళ్ళకి మందు రాస్తుంది. ప్రతి ఏప్రిల్లోనూ, "నేనే ఉండమన్నాను సైమా" అంటుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, నీ తప్పేం లేదు అంటాను. ఎవరి తప్పో మాత్రం చెప్పను. పందొమ్మిదేళ్ళు నా బరువు ఆమె చేత మోయించి, పైగా ఓదార్చాను. ఓదార్చినందుకు ఆమె నాకు థాంక్స్ చెప్పింది. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఎవరైనా చేశారని నేను వినలేదు.

9. నాలుగో అంశంలో వివరించిన ఇల్లు, కొట్టం, సౌనా గది, వాటి కింది నేలతో సహా, లొరెట్టా ప్రూయిట్‌కు సర్వహక్కులతో చెందవలసినది. ఇది పరిహారమని నేను అనుకోవడం లేదు. నీళ్ళు రాని ఇల్లు ఈ ఒడ్డున ఇదొక్కటే, మొదటి నుంచీ ఆమె అడిగింది అలాంటి ఇల్లే.

10. నన్ను పూడ్చిన తర్వాత, అంతకు ముందు కాదు, ఆర్డిస్ ఈ వీలునామా లొరెట్టాకు చదివి వినిపించవలెను. నేను పిరికిదాన్ని. ఆమె ముఖం చూడలేను.

ఇక్కడితో వీలునామా ముగిసి, అక్టోబరు 7వ తేదీన సంతకం కావలసింది. కాలేదు. ఆ రోజు ఆర్డిస్ మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నా వైపు చూడకుండానే అంది, "దొడ్డిదారిన వెళ్ళిపోదామని చూస్తున్నావు సైమా. నువ్వు పోయాక ఆవిడ ఎవర్ని అడగాలి? ఎవర్ని తిట్టాలి? నీ సమాధినా? ఆవిడ చదవకుండా నేను దీని మీద సంతకం పెట్టను." కాఫీ గిన్నె తిరిగి ఇచ్చేస్తానని కూడా అంది. అందువల్ల పదో అంశాన్ని రద్దు చేసి, కింది అంశాలు చేర్చడమైనది.

11. అక్టోబరు 8, శనివారం మధ్యాహ్నం, సౌనా కాగుతుండగా, లొరెట్టా సూపు గిన్నెతో వచ్చింది. లోపలికి రానివ్వకుండా వరండాలోనే కూర్చోబెట్టి కాగితాలు చేతికిచ్చాను. నేను ఎదురుగా కూర్చున్నాను, ఆర్డిస్ కూర్చోమంది కాబట్టి. ఆమె ఒకసారి చదివింది. ఏడు, ఎనిమిది మళ్ళీ చదివింది. ఏడవలేదు, అరవలేదు. ఒక్క మాట అడిగింది.

"ఆ అరగంటలో ఆయన కిటికీ దగ్గరికొచ్చాడా?"

ఎనిమిదో అంశంలో నేను ఆ సంగతి రాయలేదు. అంతా రాశానని ఆర్డిస్‌తో చెప్పాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. వచ్చాడు. చంకలో తివాచీ చుట్టతో కిటికీ దగ్గరికి వచ్చి, నన్ను చూసి, చెయ్యెత్తి ఊపాడు. అంతా బాగానే ఉందా అని అడిగినట్టు. నేను కూడా చెయ్యెత్తి ఊపాను. వాడు నవ్వి లోపలికి వెళ్ళాడు.

ఆ మాట లొరెట్టాకి చెప్పాను. ఆమె లేచి, కాగితాలు కుర్చీలో పెట్టి, సూపు గిన్నె మెట్టు మీదే వదిలేసి బాట పట్టింది. మలుపు దగ్గర ఆగితే ఏదైనా అంటుందేమోనని చూశాను. బూటు తాడు కట్టుకోవడానికి ఆగింది, అంతే. సూపు నేను తాగలేదు. పారబోయడానికి కూడా చెయ్యి రాలేదు.

12. అక్టోబరు 11న లొరెట్టా వచ్చింది. వరండా ఎక్కలేదు, కింద నేల మీద నిలబడే మాట్లాడింది. ఆమె అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాయమంది కాబట్టి రాస్తున్నాను.

"నీ ఇల్లు నాకొద్దు. అందులో నిద్ర పడుతుందా నాకు? టౌన్‌షిప్‌కి రాసెయ్. కాకులొచ్చిన రోజు నుంచి ఐసు పోయేదాకా తలుపు తాళం వేయకూడదు. పొయ్యిలో కట్టెలు పేర్చి ఉండాలి. కింద ఉన్న ఆరిళ్ళ వాళ్ళూ ఎవర్నీ అడక్కుండా ఎక్కి వచ్చేయాలి. నాక్కావల్సింది ఆ చెక్క. ఇన్నాళ్ళు దాని మీద కూర్చోబెట్టావు కదా నన్ను. దాన్ని ఊడదియ్. నా స్థలంలో పునాది రాయి పక్కన గుంజ పాతించి, రేవులో దిగేవాడికల్లా కనబడేలా దానికి కొట్టించు, మీ మామగారు పెట్టిన ఎత్తులోనే. 2003కి కూడా గాటు పెట్టు, అక్కడున్న పైన్ చెట్టుకి ఐసు కొట్టి బెరడు లేచిపోయిన ఎత్తు చూసుకో. పక్కన ఆయన పేరు చెక్కు. కింద, ఈ చెక్క పీకింది ఎవరో వాళ్ళ పేరు చెక్కు. నువ్వే చెక్కాలి. ఎవరి చేతా చెక్కించకు."

నన్ను క్షమించావా అని అడగబోయాను. అది అడిగే మొహం నాకు లేదని తెలిసి మానుకున్నాను. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరగకుండా, "గిన్నె కడిగి మెట్టు మీద పెట్టు" అంది. కడిగి పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే లేదు.

13. కావున తొమ్మిదో అంశాన్ని రద్దు చేస్తూ, సదరు ఇల్లు, కొట్టం, సౌనా గది, నేలతో సహా టౌన్‌షిప్‌కు దఖలు పరచడమైనది. షరతులు పన్నెండో అంశంలో లొరెట్టా చెప్పినవే. ఐదో అంశంలోని పనులు ఎవరు చేయాలో టౌన్‌షిప్ వాళ్ళు నిర్ణయించుకోవాలి. రూడీని అడగవచ్చు. మంచు ఎత్తిపోయడం వాడికి చేతనవును.

చెక్క లొరెట్టా సొత్తు. పై బల్లలోంచి ఊడదీశాను, దాని చోట ఖాళీగా ఉంది, కొత్తది వేయలేదు. ఉర్హో కత్తితో చెక్కుతున్నాను. 1951 గాటు పక్కన ఏడాది వేశాను. 2003 గాటు దానికంటే జానెడు పైన పడింది. వెండెల్ ప్రూయిట్ పేరు పూర్తయింది, అక్షరాలు తిన్నగానే వచ్చాయి. నా పేరులో రెండక్షరాలయ్యాయి. వేళ్ళు బిగుసుకుపోయి రోజుకి ఒక గీత కంటే సాగడం లేదు. పూర్తి కాకముందే పోతే నా పేరు అంతవరకే ఉండనివ్వాలి. ఎవరూ దయతలచి పూర్తి చేయకూడదు, గీకి తీసేయనూ కూడదు. కింద చిన్న రేకు ముక్క మీద మిగతా పేరు రాసి ఆర్డిస్ మేకు కొట్టవలెను, చదివేవాళ్ళకి ఎవరో తెలియకుండా పోకూడదు కాబట్టి.

ఇవాళ శనివారం, తొలి మంచు పడుతోంది. సౌనా పొయ్యి వెలిగించాను, అది మర్యాద కాబట్టి. రెండు శనివారాలుగా ఎవరూ రాలేదు. మెట్ట మీద లొరెట్టా ఇంటి పొగ ఇక్కడి నుంచి కనిపిస్తోంది. ఆ పొగ కోసమే ఇదంతా చేశాను.

పై అంశాలన్నీ చదువుకుని, ఒక్క మాట కూడా తగ్గించకుండా, ఆల్డర్ ఏటి ఒడ్డున మా ఇంట్లో 2022 అక్టోబరు 22వ తేదీన చేసిన సంతకం.

(సం.) సైమా రౌతియో

సాక్షులు:

1. ఆర్డిస్ మాకి, రిటైర్డ్ టౌన్‌షిప్ గుమాస్తా
2. గ్లెన్ ఓయాస్, పోస్టుమాన్, రేవు దారి